వెండి డాలర్ల సేకరణ – 4వ పాఠం: పెట్టెకు ఎంత, నాణేనికి ఎంత

గత పాఠంలో నాణేన్ని దీపం కింద అటూ ఇటూ వంచి, దాని మెరుపునూ, సంచుల్లో ఒకదానికొకటి ఒరుసుకున్నందువల్ల పడిన గీతలనూ పరిశీలించమని రాశాను. అది చదివిన కొందరు తమ కార్సన్ సిటీ మోర్గాన్ డాలరును (అమెరికాలోని కార్సన్ సిటీ టంకశాలలో ముద్రించిన పాత వెండి డాలరు), అది బిగించి ఉన్న గట్టి ప్లాస్టిక్ పలక పగలగొట్టి బయటికి తీసి చూశారట. ఇప్పుడు ఆ పలకను తిరిగి అతికించే మార్గం చెప్పమంటున్నారు. మార్గం లేదు. పలకతో సహా వంచి చూసినా మెరుపు కనబడేది. మరికొందరు నేను రాసిన ‘పెట్టె పారేయకండి’ అన్న ఒక్క వాక్యాన్ని పట్టుకొని, విడి నాణెం ఒకచోట, ఖాళీ పెట్టె మరొకచోట కొని జత చేశారు. అందువల్ల ఈసారి రావలసిన పీస్ డాలర్ల (మోర్గాన్ డాలర్ల తరువాత వచ్చిన వెండి డాలర్లు) పాఠాన్ని పక్కన పెట్టి, నాణెంతో వచ్చే పెట్టె గురించే రాస్తున్నాను.

1964 మార్చిలో అమెరికా ఖజానా వెండి డాలర్లను ఇవ్వడం ఆపివేసినప్పుడు దాని దగ్గర దాదాపు 30 లక్షల డాలర్లు మిగిలాయి. వాటిలో అత్యధికం నెవాడా రాష్ట్రంలోని కార్సన్ సిటీ టంకశాలలో ముద్రించినవి. జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ, అంటే సేకర్తలు జీఎస్ఏ అని పిలిచేది, వీటిని 1972 నుంచి 1980 వరకు విడతలుగా తపాలా ద్వారా అమ్మింది. చలామణీకి వెళ్ళని నాణేలను గట్టి ప్లాస్టిక్ పలకలో బిగించి, ఆ పలకను నల్లటి పెట్టెలో పెట్టి, ఒక కార్డు జతచేసి పంపింది. పలక మీద ‘కార్సన్ సిటీ అన్‌సర్క్యులేటెడ్ సిల్వర్ డాలర్’ అని ఉంటుంది. గీతలు, మరకలు ఎక్కువగా ఉన్న నాణేల పలకల మీద ‘అన్‌సర్క్యులేటెడ్’ అన్న మాట ఉండదు. చిన్న ఫోటోలు చూసి కొనేవారు తరచుగా గమనించని తేడా ఇదే.

పలక, పెట్టె, కార్డు అనే ఈ మూడింటిలో అసలు విలువ పలకదే. ప్రభుత్వ ఖజానా నుంచి వచ్చిన తరువాత ఈ నాణేన్ని ఎవరూ తోమలేదనీ, వేలు పెట్టలేదనీ చెప్పగలిగేది అదొక్కటే. పెట్టె, కార్డు ఉంటే అమ్మేటప్పుడు కొంత ఎక్కువ వస్తుంది, లేకపోతే కొంత తగ్గుతుంది, అంతే. పలక మీద గీతలు పడితే కంగారు పడనవసరం లేదు, లోపలి నాణేనికి ఏమీ కాదు. ధర రాసిన చీటీని మాత్రం పలకకు అంటించకండి. ఆ జిగురు వదిలించడం నాకు మహా చిరాకు.

అయితే పలకకు అన్ని సంవత్సరాల్లోనూ ఒకే విలువ ఉండదు. 1884లో కార్సన్ సిటీలో 11,36,000 డాలర్లు ముద్రించగా, వాటిలో 9,62,638 జీఎస్ఏ అమ్మకాల్లోకి వచ్చాయి, అంటే నూటికి 85. ఆ సంవత్సరపు మంచి నాణెం ఎక్కడ కనబడినా ఒకప్పుడు పలకలో ఉన్నదే అయ్యే అవకాశం ఎక్కువ కనుక, పలక అరుదైనది కాదు. 1885లో ముద్రించినవి 2,28,000 మాత్రమే. జీఎస్ఏకు చేరినవి 1,48,285. ఇక్కడ నాణెమే ఖరీదైనది, పలక దానికి చేర్చేది తక్కువ. 1890 చూడండి: ముద్రించినవి 23,09,041, జీఎస్ఏ అమ్మినవి 3,949. విడి నాణెం దొరకడం కష్టం కాదు, పలకలో ఉన్న నాణెం దొరకడమే కష్టం. కాబట్టి ఈ సంవత్సరానికి పలకే ధరను పెంచుతుంది. ముద్రించినవన్నీ నేటికీ మిగిలి ఉన్నాయని మాత్రం అనుకోకండి. 1918 నాటి పిట్‌మన్ చట్టం కింద 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించారు.

ఇక జత కట్టే వ్యవహారం. విడి 1890 నాణెం, ఖాళీ నల్ల పెట్టె, ఇంకెక్కడిదో కార్డు కలిపితే జీఎస్ఏ నాణెం కాదు. ‘అసలు పెట్టెతో సహా’ అని అమ్మకందారు రాస్తే, పలక పగలకుండా ఉందా అన్నది మొదటి ప్రశ్న. దానికి సూటిగా జవాబు రాకపోతే అక్కడితో ఆపేయండి. పెట్టె మూత తెరిచిన ఫోటో చాలదు, పలక రెండు వైపులా, నాలుగు అంచులూ కనబడే ఫోటోలు అడగండి. అంచుల వెంట తెల్లబారిన గీత, జిగురు మరక, చిన్న పగులు ఉంటే పలకను తెరిచి నాణేన్ని మార్చి ఉంటారని అనుమానించాలి. నాణెం వెనుక ఆకుల దండ కింద కార్సన్ సిటీ గుర్తైన సీసీ అక్షరాలు లేకపోతే చర్చే అవసరం లేదు. పలకతో సహా నకిలీలు కూడా తిరుగుతున్నాయి. పలకలో ఉండగా నాణేన్ని విడిగా తూచలేము కనుక ఖరీదైన సంవత్సరాలకు నేను, నాణేలను పరీక్షించి వాటి స్థితికి గ్రేడు ఇచ్చే ఎన్‌జీసీ సంస్థ పలకకే పట్టీ చుట్టి గ్రేడు ఇచ్చినవే కొంటాను. ఈ పద్ధతిలో పలకను తెరవకుండానే గ్రేడు వస్తుంది.

కొత్త డాలర్ల విషయం క్లుప్తంగా చెబుతాను. 1971 నుంచి 1974 వరకు శాన్‌ఫ్రాన్సిస్కోలో ముద్రించిన 40 శాతం వెండి ఐసెన్‌హోవర్ డాలర్లను మామూలు మెరుపుతో నీలి కవరులో 3 డాలర్లకు, ప్రూఫ్ రకాన్ని (సేకర్తల కోసం అద్దంలా మెరిసేలా ముద్రించినవి) గోధుమ రంగు పెట్టెలో 10 డాలర్లకు అమ్మారు. వీటిలో చాలావాటి మీద ఆ కవర్లలో, పెట్టెల్లో ఉండగానే మంచులాంటి మసక పట్టింది. అక్కడ ‘అసలు పెట్టె’ నాణేన్ని కాపాడలేదు. 1986లో మొదలైన సిల్వర్ ఈగిల్ అనే అమెరికా వెండి డాలర్ల ప్రూఫ్‌లకు మఖమలు పెట్టె, ధ్రువపత్రం ఉండాలని కొనేవారు కోరుకుంటారు. గ్రేడింగ్ సంస్థ పలకలోకి మారిన తరువాత వాటి అవసరం చాలావరకు తీరిపోతుంది. ఖాళీ మఖమలు పెట్టెలను నేను ఎవరైనా అడిగితే ఇచ్చేస్తాను. టంకశాల పంపిన బయటి అట్టపెట్టెను మాత్రం తొందరపడి తెరవకండి: పీసీజీఎస్ అనే మరో గ్రేడింగ్ సంస్థ, విడుదలైన తొలి రోజుల నాణేలకు ఇచ్చే ‘ఫస్ట్ స్ట్రైక్’ గుర్తు కావాలంటే నాణెం విడుదలైన 30 రోజుల్లోగా ఆ సంస్థకు చేరాలి, లేదా ఆ గడువులోపు తపాలా ముద్ర పడిన పెట్టె తెరవకుండా ఉండాలి.

విశాఖ, కాకినాడ వంటి తేమ ఊళ్ళలో ఉన్నవారు పాత అట్ట కవర్లను నమ్ముకోకుండా, నాణేలున్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి వాటిని అప్పుడప్పుడు మారుస్తూ ఉండండి.

అభ్యాసం: కార్సన్ సిటీలో మోర్గాన్ డాలర్లు ముద్రించిన సంవత్సరాలు 13, అంటే 1878 నుంచి 1885 వరకు, మళ్ళీ 1889 నుంచి 1893 వరకు. ఒక్కొక్క సంవత్సరానికి ముద్రించిన సంఖ్య, జీఎస్ఏ అమ్మిన సంఖ్య, రెండింటి శాతం పట్టికగా రాయండి. తరువాత, ధరలు చూడకముందే, ఏ సంవత్సరానికి పలక ఎక్కువ విలువ చేరుస్తుందో మీ అంచనా ప్రకారం 1 నుంచి 13 వరకు వరుస పెట్టండి. ఆ తరువాతే అమ్ముడైపోయిన వేలాల ధరలు చూడండి. అమ్మకానికి పెట్టిన ధరలు లెక్కలోకి రావు. ఒకే గ్రేడులో పలకతో ఒకటి, పలక లేకుండా ఒకటి చొప్పున పోల్చండి. మీ అంచనా ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో ఒక్కొక్క సంవత్సరానికి రెండు వాక్యాలు రాసి పంపండి. పట్టిక మాత్రమే పంపినవారికి నేను జవాబు రాయను.