పాత గేమ్ బాయ్ క్యాసెట్లలో బొమ్మ చెదిరితే: లక్షణం, కారణం, పరిష్కారం

ఒంగోలు, నెల్లూరు వైపు ఇళ్లలో అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న గేమ్ బాయ్‌ని (నింటెండో వారి చేతిలో పట్టుకుని ఆడే ఆటల సెట్) కిందికి దించి, పాత క్యాసెట్ పెట్టి ఆన్ చేసినప్పుడు ఎక్కువగా ఎదురయ్యే సమస్య చెదిరిన బొమ్మ. దాన్ని చూడగానే చిప్ పోయిందని తీర్మానించి క్యాసెట్‌ను పారవేయడం తొందరపాటు. బొమ్మ ఏ తీరున చెదిరిందో నిదానంగా గమనిస్తే, లోపం క్యాసెట్‌లో ఉందా సెట్‌లో ఉందా అన్నది స్క్రూ విప్పక ముందే చాలావరకు తేలిపోతుంది. పైగా, ఇలాంటి క్యాసెట్లను పాడుచేసేది పాతదనం కన్నా తొందరలో చేసే మొరటు వైద్యమే.

తప్పు సెట్‌దా, క్యాసెట్‌దా?

ముందుగా అదే సెట్‌లో ఇంకొక క్యాసెట్ పెట్టి చూడాలి. వీలైతే అదే క్యాసెట్‌ను ఇంకొక సెట్‌లో కూడా చూడాలి. ఏ క్యాసెట్ పెట్టినా తెర మీద నిలువు వరుసలు ఒకే చోట ఖాళీగా ఉండి, అక్కడ చుక్కలు అసలు కనిపించకపోతే క్యాసెట్ జోలికి పోనవసరం లేదు. 1989లో వచ్చిన మొదటి గేమ్ బాయ్ తెరలో అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు ఉంటాయి. ఆ 160 నిలువు వరుసలకు సంకేతాన్ని చేరవేసే పల్చని రిబ్బన్ తెర అడుగున అంటించి ఉంటుంది. ఆ అంటు వదులైన చోటల్లా ఒక్కో గీత మాయమవుతుంది. సోల్డరింగ్ ఐరన్‌ను తక్కువ వేడిలో ఉంచి, అద్దానికి తగలకుండా ఆ రిబ్బన్ అంటు మీదుగా మెల్లగా నడిపిస్తే చాలా సందర్భాల్లో గీతలు తిరిగి వస్తాయి. అడ్డ గీతలు పోతే మాత్రం బాగుచేయడం కష్టం, తెర మార్చుకోవడమే మేలు.

అన్ని క్యాసెట్లలోనూ గీతలకు బదులు బొమ్మల గళ్లే పాడై కనిపిస్తే, సెట్ బోర్డు మీద బొమ్మల కోసం విడిగా ఉండే 8 కిలోబైట్ల మెమరీ చిప్‌ను అనుమానించాలి. ఎర్ర దీపం మసకబారి, ఆట నడుమ సెట్ తనంతట తానే మళ్లీ మొదలవుతుంటే, ముందు కొత్త బ్యాటరీలు వేసి చూడాలి. అప్పటికీ మారకపోతే పవర్ స్విచ్‌లో పట్టిన మకిలిని కాంటాక్ట్ క్లీనర్‌తో వదిలించాలి.

లోగో దగ్గరే బొమ్మ చెదిరి, ఆట ఆగిపోవడం

ఇది అన్నిటికన్నా తరచుగా కనిపించే లక్షణం, అన్నిటికన్నా ఎక్కువ సమాచారం ఇచ్చేదీ ఇదే. ఆన్ చేయగానే పైనుంచి దిగే నింటెండో లోగో సెట్‌లో దాచి ఉంచిన బొమ్మ కాదు. సెట్ దాన్ని ఎప్పటికప్పుడు క్యాసెట్ నుంచే చదువుతుంది. ఆ లోగో మొత్తం 48 బైట్లు. తెర మీద చూపించిన తరువాత సెట్ ఆ 48 బైట్లను తన లోపలి ప్రతితో పోల్చి చూస్తుంది. ఒక్క బైటు తేడా వచ్చినా అక్కడే నిలిచిపోతుంది. కాబట్టి చెదిరిన లోగో అంటే, క్యాసెట్‌కూ సెట్‌కూ మధ్య ఏ తీగ తెగిందో చెప్పే చీటీ అనుకోవచ్చు.

లోగో చోట నిండు నల్ల పట్టీ వస్తే క్యాసెట్ నుంచి ఏమీ అందడం లేదని అర్థం. పిన్నులలో (క్యాసెట్ అంచున ఉండి సాకెట్‌కు తగిలే లోహపు పట్టీలు) కరెంటువి సరిగా తగలకపోవచ్చు, లేదా క్యాసెట్ పూర్తిగా కూర్చోకపోవచ్చు. అక్షరాల ఆకారం తెలుస్తూనే, వాటి మీద సమాన దూరంలో ఒకే రకం చుక్కలు మళ్లీమళ్లీ పడితే, సమాచారాన్ని మోసే 8 డేటా పిన్నులలో ఏదో ఒకటి తగలడం లేదు. అక్షరాల ముక్కలు తారుమారై, ఒకే ముక్క రెండు చోట్ల కనిపిస్తే, ఏ చోటి సమాచారం కావాలో చిప్‌కు చెప్పే అడ్రస్ పిన్నులను చూడాలి. క్యాసెట్ అంచున ఉండే 32 పిన్నులలో 6 నుంచి 21 వరకు అడ్రస్‌కు, 22 నుంచి 29 వరకు డేటాకు కేటాయించారు. రెండు చివర్లలో ఒకటి కరెంటు, రెండోది గ్రౌండ్. ఒకసారి తీసి మళ్లీ పెట్టినప్పుడు చెదిరిన తీరు మారితే అది మకిలి మాత్రమేనని ధైర్యంగా అనుకోవచ్చు.

2001లో వచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్ క్యాసెట్లలో 16 పిన్నులు డేటాకూ అడ్రస్‌కూ ఉమ్మడిగా పనిచేస్తాయి. అందువల్ల ఒక్క పిన్ను మకిలి పట్టినా రెండు వైపులా దెబ్బ తగిలి, బొమ్మ చెదరడానికి బదులు ఆట అసలు మొదలుకాకపోవడమే ఎక్కువ.

లోగో బాగానే వచ్చి, ఆటలోకి వెళ్లాక బొమ్మలు కలగాపులగం కావడం

లోగో అనేది క్యాసెట్‌లోని మెమరీ మొదట్లో ఉండే చిన్న భాగం మాత్రమే కనుక, అది సరిగ్గా వచ్చినంత మాత్రాన అన్ని పిన్నులూ బాగున్నట్టు కాదు. టెట్రిస్ వంటి చిన్న ఆట 32 కిలోబైట్లలో ఇమిడిపోతుంది. పెద్ద ఆటలు మాత్రం 16 కిలోబైట్ల భాగాలుగా ఉండి, క్యాసెట్‌లోని ఒక ప్రత్యేక చిప్ వాటిని అవసరం మేరకు మార్చి చూపిస్తుంది. ఆ చిప్‌కు ఆజ్ఞ అందేది మూడో పిన్ను ద్వారా. అది తగలకపోతే భాగం మారదు. ఊరి బొమ్మ రావలసిన చోట అర్థంలేని గళ్లు వస్తాయి, కొద్దిసేపటికి ఆట బిగుసుకుపోతుంది. చిప్ చెడిపోయిందని అనుమానించే ముందు ఈ పిన్నును శ్రద్ధగా తుడవాలి.

శుభ్రం చేసే పద్ధతి

కొత్తపట్నం, మైపాడు వంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలికి పిన్నుల మీద ఆకుపచ్చని, తెల్లని చిలుము పడుతుంది. చీమకుర్తి వైపు సన్నని గ్రానైట్ పొడి చేరుతుంది. పొడి పట్టిన పిన్నును ముందు మెత్తని బ్రష్‌తో దులిపి, ఆ తరువాతే తడి చేయాలి. లేకపోతే ఆ రేణువులే పల్చని బంగారు పూతను గీరేస్తాయి.

మొబైల్ రిపేరు దుకాణాల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను ఇయర్ బడ్‌కు అద్ది, పిన్ను పొడవునా, పైనుంచి అంచు వైపుకే తుడవాలి. బడ్ నల్లబడితే కొత్తది తీసుకోవాలి. బడ్ తెల్లగా వచ్చేదాకా తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు పెట్టి చూడాలి. మొండి చిలుము ఉంటే పెన్సిల్ రబ్బరుతో తేలికగా రుద్ది, రాలిన పొట్టును తుడిచి, మళ్లీ ఆల్కహాల్‌తో ఒకసారి తుడవాలి. గరుకు కాగితం, బ్లేడు, పెట్రోలు దగ్గరకు రానివ్వకూడదు. నోటితో ఊదడం వల్ల తాత్కాలికంగా పనిచేసినట్టు అనిపించినా, ఆ తేమ పిన్నుల మీద నిలిచి చిలుమును పెంచుతుంది. తుపాను నెలల్లో గాలిలోనే తేమ ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో ఆ అలవాటు మరీ హానికరం.

సెట్‌లోని సాకెట్‌ను మరచిపోకూడదు. బ్యాటరీలు తీసివేసి, శుభ్రం చేసిన క్యాసెట్ పిన్నులకు కొద్దిగా ఆల్కహాల్ రాసి, కొన్నిసార్లు పెట్టి తీస్తే సాకెట్ లోపలి మకిలి క్యాసెట్‌కు అంటుకుని వస్తుంది. దాన్ని వెంటనే తుడిచివేయాలి.

అప్పటికీ మారకపోతే

క్యాసెట్‌ను మెల్లగా నొక్కినప్పుడు బొమ్మ మారుతుంటే టంకం చిట్లి ఉండవచ్చు. 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్‌తో (ఈ స్క్రూలకు సరిపోయే ప్రత్యేక స్క్రూడ్రైవర్ బిట్) స్క్రూ విప్పి, మల్టీమీటర్‌ను తీగ కలిసిందో లేదో బీప్‌తో చెప్పే అమరికలో పెట్టి, ఒక్కో పిన్ను నుంచి చిప్ కాలి వరకు దారి ఉందో లేదో చూడాలి. బీప్ రాని కాలికి ఫ్లక్స్ (టంకం బాగా అంటడానికి రాసే పదార్థం) రాసి, కొత్త టంకం తాకించాలి. లోపలి బటన్ సెల్‌ను కారణం లేకుండా కదిలించకూడదు. బొమ్మ చెదరడానికి సాధారణంగా దానితో సంబంధం ఉండదు, అది ఊడితే మాత్రం దాచుకున్న ఆట పోతుంది.

విప్పినప్పుడు కాళ్లున్న చిప్‌కు బదులు నల్లని గుండ్రటి బొట్టు కనిపిస్తే అది నకలు క్యాసెట్ అయి ఉండే అవకాశం ఎక్కువ. ఆ బొట్టు లోపలి తీగ తెగితే బాగుచేయడానికి దారి లేదు. అసలు క్యాసెట్‌లో అన్ని దారులూ బాగుండి, రెండు సెట్లలోనూ అదే చోట అదే బొమ్మ చెదురుతుంటే లోపం రామ్‌లోనో (తాత్కాలికంగా రాసుకునే మెమరీ), భాగాలు మార్చే చిప్‌లోనో, ఆట ఉన్న రోమ్‌లోనో (చదవడానికి మాత్రమే వీలయ్యే మెమరీ) ఉంటుంది. మొదటి రెండింటినీ పనికిరాని మరో అసలు క్యాసెట్ నుంచి తీసి మార్చవచ్చు. రోమ్‌లోని సమాచారం తయారీలోనే అచ్చుపడింది కనుక దాన్ని తిరిగి రాయడం సాధ్యం కాదు. ఆ క్యాసెట్ బోర్డును విడిభాగాల కోసం దాచుకోవాలి.