గోదాములో కలప సరుకు: స్ప్రింక్లర్ డిజైన్‌కు క్లాస్ తేలనప్పుడు

డ్రాయింగులో "చెక్క సామాను, క్లాస్ 3" అని ఒక్క ముక్క ఉంటుంది. లోపలికి వెళ్తే ప్లైవుడ్ దొంతులు, తలుపులు, అట్టపెట్టెల్లో బీరువాలు, మూలన ఖాళీ ప్యాలెట్లు. ఎన్‌ఎఫ్‌పీఏ 13 (మంటలార్పే స్ప్రింక్లర్లకు అమెరికా ప్రమాణం) క్లాస్, అంటే లోడు ఎంత తీవ్రంగా మండుతుందో చెప్పే 1 నుంచి 4 మెట్లలో ఒకటి, ఇచ్చేది చెక్క అనే పేరుకు కాదు. సరుకు, ప్యాకింగు, కింది ప్యాలెట్ కలిసిన మొత్తం లోడుకు.

సమస్య: కలపకు క్లాస్ 2 వేస్తే తనిఖీలో ఒప్పుకోలేదు.

కారణం: కొనలు, అంచులు సాఫీగా ఉండి, సందు లేకుండా పేర్చిన కోత కలప, ప్లైవుడ్, పార్టికల్ బోర్డు దొంతికే క్లాస్ 2. ఆరడానికి వరసల మధ్య పట్టీలు పెట్టారంటే ఆ సందుల్లో గాలి ఆడుతుంది, ఎదురెదురు ముఖాలు ఒకదాన్నొకటి వేడెక్కిస్తాయి, పైనుంచి పడే నీరు అక్కడికి చేరదు.

పరిష్కారం: పట్టీలు తీసి గట్టిగా పేర్చండి. అది కుదరకపోతే క్లాస్ 2 వదిలేయండి. తలుపులు, కిటికీలు, ఫోమ్ లేని చెక్క ఫర్నిచర్ ఎలాగూ క్లాస్ 3.

సమస్య: క్లాస్ 3 అనుకున్న బీరువా పెట్టెలు పై క్లాసుకు వెళ్లాయి.

కారణం: దాదాపు ప్రతిసారీ థర్మాకోలే. బరువు చూస్తే ఏమీ ఉండదు కాబట్టి లెక్కలోంచి జారిపోతుంది. థర్మాకోల్ లాంటి ఉబ్బిన ప్లాస్టిక్‌ను ఘనపరిమాణంలో కొలవాలి: 5 శాతం వరకు క్లాస్ 3, 25 వరకు క్లాస్ 4, అది దాటితే గ్రూప్ ఎ ప్లాస్టిక్ (క్లాస్ 4 కన్నా పైది, అన్నిటికన్నా తీవ్రంగా మండే ప్లాస్టిక్ వర్గం).

పరిష్కారం: ఒక పెట్టె విప్పి టేపుతో కొలవండి. 120 × 60 × 15 సెం.మీ. పెట్టె అంటే 108 లీటర్లు. పైనా కిందా 1 సెం.మీ. షీట్లుంటే 14.4 లీటర్లు, అంటే 13 శాతం: క్లాస్ 4. అవే 2 సెం.మీ. అయితే 26.7 శాతం, గ్రూప్ ఎ. థర్మాకోల్ బదులు అట్ట మూలలు పెట్టించడం పైపులు మార్చడం కన్నా ఎంతో చవక. పలకల అంచుకు అతికే ఏబీఎస్ ప్లాస్టిక్ పట్టీ (ఎడ్జ్ బ్యాండ్) వంటి గట్టి ప్లాస్టిక్‌ను మాత్రం బరువులో లెక్కించండి: 5 శాతం దాటితే క్లాస్ 4, 15 దాటితే గ్రూప్ ఎ. మెలమైన్ పొర, గట్టి పీవీసీ తక్కువగా మండే గ్రూప్ సి కిందికొస్తాయి, వాటివల్ల క్లాస్ 3 మారదు.

సమస్య: సరుకు మారలేదు, క్లాస్ పెరిగింది.

కారణం: చెక్క ప్యాలెట్లు తీసి ప్లాస్టిక్‌వి తెచ్చారు. రీఇన్‌ఫోర్స్‌మెంట్ (బలానికి లోపల వేసే ఉక్కు, ఫైబర్ గ్లాస్ వంటిది) లేని పాలీప్రొపిలీన్, గట్టి పాలిథీన్ రకమైన హెచ్‌డీపీఈ ప్యాలెట్‌కు ఒక క్లాస్, ఉన్నదానికి రెండు క్లాసులు పెంచాలి.

పరిష్కారం: ప్యాలెట్ రకాన్ని డ్రాయింగు మీదే రాయించండి, కొనుగోలు విభాగానికి ఒక కాపీ ఇవ్వండి.

ఖాళీ చెక్క ప్యాలెట్లకు ఈ క్లాసులేవీ పనికిరావు, వాటికి నియమాలు వేరు. ప్రత్యేక రక్షణ లేకుండా లోపల ఉంచాలంటే ఎత్తు 1.8 మీటర్లు మించకూడదు, ఒక కుప్పలో నాలుగు దొంతులే ఉండాలి, కుప్పకూ కుప్పకూ మధ్య 2.4 మీటర్ల ఖాళీ వదలాలి. జాగా ఉంటే ఆరుబయట, గోడకు దూరంగా పెట్టించండి.