బిల్లు అడుగున ఉన్న ఆదా నిజమేనా: డిస్కౌంటు దుకాణంలో ఇంటి సరుకులు కొనే పద్ధతి

విజయనగరంలో మేము వెళ్లే పెద్ద డిస్కౌంటు దుకాణంలో సరుకులు కొన్న ప్రతిసారీ బిల్లు అడుగున ఒక వాక్యం అచ్చయి వస్తుంది. మీరు ఆదా చేసిన మొత్తం 412 రూపాయలు అనో, 530 రూపాయలు అనో అందులో ఉంటుంది. మా వీధి చివరి కిరాణా కొట్టు షావుకారు ఇచ్చే చీటీలో అలాంటి మాట ఏనాడూ ఉండదు కాబట్టి, పెద్ద దుకాణంలో కొని లాభపడ్డామనీ, షావుకారు దగ్గర కొని నష్టపోయామనీ అనుకోవడం చాలా తేలిక. నేనూ కొన్నేళ్లు అలాగే అనుకున్నాను. ఆ ఆదా మొత్తాన్ని ప్యాకెట్ మీద అచ్చువేసిన ఎమ్మార్పీ నుంచి లెక్కగడతారు. ఎమ్మార్పీ అంటే అన్ని పన్నులూ కలుపుకొని అంతకు మించి అమ్మకూడదని చెప్పే గరిష్ఠ ధర మాత్రమే. షావుకారు కూడా చాలా సరుకులను అంతకన్నా తక్కువకే ఇస్తారు, కాకపోతే ఆ సంగతి చీటీ మీద రాయరు. అందువల్ల డిస్కౌంటు దుకాణం ధరను పోల్చవలసింది ఎమ్మార్పీతో కాదు, అదే సరుకును మనం మామూలుగా కొనే చోట పడుతున్న ధరతో.

ఆ పోలికకు కావలసింది ఒక చిన్న నోటుపుస్తకం. ఇంట్లో నెలనెలా కొనే కందిపప్పు, మినప్పప్పు, నూనె, పంచదార, బట్టల సబ్బు, ఒంటి సబ్బు, గిన్నెలు తోమే సబ్బు, పేస్టు, ఫినాయిలు, అగరొత్తుల వంటి ఇరవై, పాతిక సరుకులను మాత్రమే ఎంచుకుని, ఒక్కొక్కదానికి ఎక్కడ కొన్నాం, ఎంత బరువు, ఎంత ధర, ఏ తేదీ అన్నది రాసుకోవాలి. పక్కన ఇంకొక గడి గీసి, కిలోకు లేదా లీటరుకు ఎంత పడిందో అక్కడే లెక్కకట్టి రాయాలి. అసలు పని చేసేది ఆ చివరి గడే. రెండు నెలలు ఓపిగ్గా రాస్తే, ఏ సరుకు ఎక్కడ చవకో పుస్తకం చూడకుండానే చెప్పగలిగే స్థితి వస్తుంది. ఫోనులోనూ రాసుకోవచ్చు గానీ, ఒక చేతిలో బుట్ట, మరో చేతిలో ప్యాకెట్ ఉన్నప్పుడు చిన్న పుస్తకమే నాకు సౌకర్యంగా తోచింది.

కిలో లెక్క ఎందుకంటే, ప్యాకెట్ల బరువులు ఇప్పుడు ఒక పద్ధతిలో లేవు. వంటనూనెనే తీసుకోండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఒకే అరలో పక్కపక్కన లీటరు ప్యాకెట్ 145 రూపాయలకూ, చూడటానికి అంతే ఉన్న 850 గ్రాముల ప్యాకెట్ 139 రూపాయలకూ ఉన్నాయనుకుందాం. ఆరు రూపాయలు తక్కువని రెండోదాన్నే తీసుకోవాలనిపిస్తుంది. లెక్కవేస్తే మొదటిది కిలోకు 159 రూపాయల చిల్లర, రెండోది 163 రూపాయల చిల్లర. చవకగా కనిపించిన ప్యాకెట్టే కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువ. నూనె ప్యాకెట్ చేతికి తీసుకోగానే ముందు వైపున్న పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మను వదిలి, వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న నికర పరిమాణాన్ని చదవడం అలవాటు చేసుకోవాలి.

పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకే అన్నది మరొక భ్రమ. బట్టల పొడి కిలో ప్యాకెట్ ఎమ్మార్పీ 140, దుకాణం ధర 126 అనుకుందాం. మూడు కిలోల ప్యాకెట్ ఎమ్మార్పీ 450, దుకాణం ధర 390. చిన్నదాని మీద పద్నాలుగు రూపాయలు, పెద్దదాని మీద అరవై రూపాయలు తగ్గించారని ఎర్ర కార్డు మీద రాసి ఉంటుంది. అయినా చిన్న ప్యాకెట్లో కిలో 126, పెద్ద ప్యాకెట్లో కిలో 130. షాంపూలో ఈ తిరకాసు మరీ ఎక్కువ. చాలా రకాల్లో రెండు రూపాయల ప్యాకెట్ల దండ కొంటే మి.లీ.కు పడే ధర, అదే షాంపూ పెద్ద సీసా ధరకన్నా తక్కువే ఉంటుంది. సీసా మీద తగ్గింపు ఉన్నప్పుడు కూడా ఒకసారి లెక్కవేసి చూడండి. ప్లాస్టిక్ చెత్త పెరుగుతుందని సీసానే కొనేవారు ఉన్నారు, అది వారి ఇష్టం, కానీ చవకని అనుకుని మాత్రం కొనవద్దు.

ఈ లెక్కకు సాయంగా ఇప్పుడు ప్యాకెట్ల మీద ఎమ్మార్పీ పక్కనే యూనిట్ సేల్ ప్రైస్ అని ఇంకొక అంకె ఉంటోంది. కిలోకు తక్కువ బరువున్న ప్యాకెట్ అయితే గ్రాముకు ఇంత అనీ, కిలో దాటితే కిలోకు ఇంత అనీ, ద్రవాలకు మి.లీ.కో లీటరుకో ఇంత అనీ వేస్తారు. ఉపయోగపడే అంకే గానీ, దానికి రెండు లోపాలున్నాయి. మొదటిది, దాన్ని ఎమ్మార్పీ మీద లెక్కగడతారు కాబట్టి దుకాణం ఇచ్చిన తగ్గింపు అందులో కనిపించదు. రెండోది, గ్రాముకు 0.16 రూపాయలు అని పైసల్లో సరిచేసి వేసినప్పుడు, అసలు ధర కిలోకు 155 నుంచి 165 రూపాయల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అంటే నేను పైన చెప్పిన నూనె ప్యాకెట్ల మధ్య తేడా లాంటిది ఆ అంకెలో మాయమైపోతుంది. కాబట్టి ఫోనులోని క్యాలిక్యులేటరు తీసి, దుకాణం ధరను గ్రాములతో భాగించి వెయ్యితో హెచ్చించుకోవడమే మేలు. అరల మధ్య నిలబడి లెక్కలు వేస్తుంటే మొదట్లో మొహమాటంగానే ఉంటుంది.

పుస్తకంలోని ధరలకు కాలదోషం పడుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒంటి సబ్బు, పేస్టు, షాంపూ, తలనూనె మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. వంటింటి స్టీలు, అల్యూమినియం గిన్నెల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బట్టల పొడి మాత్రం 18 శాతంలోనే ఉండిపోయింది. ఆ తేదీకి ముందు నేను రాసుకున్న సబ్బుల పేజీ మొత్తం కొట్టేసి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. మీ దగ్గర పాత బిల్లులుంటే వాటితో పోల్చి, ఇప్పటి సబ్బు ధరను దుకాణం ఇచ్చిన గొప్ప తగ్గింపుగా భ్రమపడకండి. అందులో కొంత పన్ను తగ్గినందువల్ల తగ్గినదే.

డిస్కౌంటు దుకాణంలో కొనకూడనివి కూడా ఉన్నాయి, వాటిలో మొదటిది బియ్యం. వరి పండే జిల్లాలో ఉంటూ అయిదు కిలోల, పది కిలోల రంగు సంచుల్లో బియ్యం కొనడం నాకు ఎప్పుడూ వింతగానే అనిపిస్తుంది. 2022 జూలై 18 నుంచి, ముందే తూచి ముద్రవేసిన 25 కిలోల వరకు ఉన్న సంచుల మీద 5 శాతం జీఎస్టీ పడుతోంది. బియ్యం కొట్లలో 26 కిలోల బస్తాలు కనిపించడానికి కారణం ఇదే. మిల్లు దగ్గరో, బియ్యం కొట్టులోనో బస్తా కొనేటప్పుడు అది 25 కిలోలదో 26 కిలోలదో చూసి, కిలో ధరకు దించుకుని పోల్చుకోండి. చింతపండు విషయమూ ఇంతే. కొత్త చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు వస్తుంది. ఆ రోజుల్లో సీతంపేట, పార్వతీపురం వైపు నుంచి వచ్చే ఏజెన్సీ చింతపండును ఏడాదికి సరిపడా తీసుకుని, గింజలు తీసి, ఉప్పు చల్లి జాడీకి ఎత్తుకుంటే, దుకాణంలో పావుకిలో ప్యాకెట్లు కొనే అవసరమే ఉండదు. గిరిజన సహకార సంస్థ అమ్మే చింతపండు, కుంకుడుకాయలు, తేనె కూడా ఒకసారి ధర కనుక్కుని పుస్తకంలో రాసుకోదగినవే. పప్పుల విషయంలో మాత్రం ఖాయంగా ఇక్కడే చవకని చెప్పలేను. ఒక నెల పెద్ద దుకాణంలో కందిపప్పు తక్కువకు దొరుకుతుంది, మరుసటి నెల షావుకారు దగ్గరే నయమవుతుంది. "ఏటమ్మా, సబ్బులన్నీ అక్కడ కొని, పప్పుకి మా కొట్టుకొచ్చారేటి?" అని ఆయన నవ్వుతూ అడిగారు ఒకసారి. ఏం చెప్పాలో తెలియక అరకిలో బెల్లం కూడా ఇమ్మన్నాను.

గిన్నెలు, ప్లాస్టిక్ సామాన్లు, దుప్పట్ల దగ్గర కళ్లకన్నా చేతులను ఎక్కువ నమ్మాలి. మన ఊళ్ల స్టీలు సామాన్ల కొట్లలో గిన్నెను తూచి కిలో లెక్కన ఇవ్వడం ఉంది. డిస్కౌంటు దుకాణంలో అదే గిన్నెను ఒక్కొక్కటి ఇంత అని అమ్ముతారు. కాబట్టి గిన్నె ధర తక్కువగా ఉంటే అది పలచన కావడమే కారణమై ఉండవచ్చు. కంచం అయితే రెండు అంచులూ పట్టుకుని మధ్యలో బొటనవేలితో నొక్కి చూడండి, లోపలికి పోయి టక్కుమని తిరిగి వస్తే అది రెండేళ్ల కంచం. కూరగాయలు తూచే కౌంటరు మీద గిన్నెను ఒకసారి పెట్టి చూడనిస్తే, బరువు తెలుసుకుని స్టీలు కొట్టు కిలో ధరతో పోల్చుకోవచ్చు. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని ఒక నమ్మకం ఉంది. అది సగమే నిజం. మేలైన 304 రకానికీ అంటుకోదు, దానికన్నా చవకైన 202 రకానికీ సాధారణంగా అంటుకోదు. ఈ రెండో రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు, చింతపండు పులుసు, ఉప్పు తగిలే గిన్నెల్లో అది తొందరగా మచ్చలు పడుతుంది. కాబట్టి గిన్నె అడుగునో, అట్టపెట్టె మీదో 304 అని ముద్ర ఉందేమో చూడాలి. చారు గిన్నెకూ, ఊరగాయ గిన్నెకూ ఆ ముద్ర అవసరం. చిల్లర వేసుకునే డబ్బాకు అక్కర్లేదు.

ప్రెషరు కుక్కరు మీద ఎంత తగ్గింపు ఉన్నా ఐఎస్ఐ ముద్ర లేనిదే ముట్టుకోవద్దు. ముద్రకు పైన ఐఎస్ 2347 అని ప్రమాణం సంఖ్య, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ లైసెన్సు సంఖ్యను, ఈ ముద్ర ఇచ్చే ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే, అది నిజంగా ఆ తయారీదారుదో కాదో అక్కడికక్కడే తెలుస్తుంది. బకెట్లు, మగ్గులు, చెత్తబుట్టలు నిస్సందేహంగా ఇక్కడ చవక. తినుబండారాలు దాచే డబ్బాలకు మాత్రం ఆహారం దాచడానికి పనికొస్తుందని చెప్పే గ్లాసు, ఫోర్కు కలిసిన గుర్తు ఉన్నవే తీసుకోండి. దుప్పటి ధర చూసే ముందు పొడవు, వెడల్పు చదవండి.

ఆఖరి తేదీకి దగ్గరపడిన సరుకులను విడిగా ఒక బల్ల మీద పెట్టి బాగా తగ్గించి అమ్ముతుంటారు. నెలలోపు వాడేసే సబ్బులు, బిస్కెట్ల వంటివి అక్కడ కొనడంలో తప్పులేదు. పొడులు, నూనెలు వద్దు.

ఎప్పుడు వెళ్లాలన్నది ధరకన్నా శ్రమకు సంబంధించిన విషయం. జీతాలు పడే మొదటి వారం, ఆదివారం సాయంత్రాలు వదిలిపెట్టి, నెల మధ్యలో ఒక పనిదినాన పొద్దున్నే వెళితే అరలు సర్ది ఉంటాయి, లెక్కవేసుకోవడానికి నిలబడే చోటూ ఉంటుంది. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం కాబట్టి, ఆ రెండు మూడు రోజులు ఊళ్లో మూడు లాంతర్ల కూడలి వైపు అడుగుపెట్టే వీలుండదు. చుట్టాల కోసం కావలసిన సరుకులు దసరాకు ముందే తెచ్చుకోవాలి. ఊళ్ల నుంచి వచ్చేవారు ప్రయాణ ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టిక్కెట్టు డబ్బులు లేవు గనుక, గజపతినగరం నుంచి వచ్చే అక్కచెల్లెళ్లకు బస్సు ఖర్చు ఉండదు. కానీ ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి దుకాణానికీ, మళ్లీ మూటలతో వెనక్కీ ఆటో తప్పదు. రెండొందల సరుకు కోసం ఎనభై రూపాయల ఆటో ఎక్కడం కన్నా, ఇద్దరు ముగ్గురు కలిసి నెలకొకసారి వచ్చి ఆటో పంచుకోవడం మేలు.

బిల్లు కౌంటరు దగ్గర సరుకులు సంచిలో సర్దే తొందరలో పడకుండా, ఒకరు సర్దుతుంటే ఒకరు తెర మీద పడే ధరలను చూస్తూ ఉండాలి. దీన్ని నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నాను. గిన్నెలు తోమే సబ్బు మూడు కొంటే ఒకటి ఉచితమన్న కార్డు చూసి నాలుగు తీసుకున్నాను. వాటిలో మూడు నిమ్మకాయవి, ఒకటి పుదీనాది. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే బరువు, ఒకే ధర అయినా, కంప్యూటరు పుదీనా సబ్బును వేరే సరుకుగా లెక్కగట్టి నాలుగింటికీ డబ్బు తీసుకుంది. ఇంటికొచ్చి బిల్లు చదివితే గానీ ఆ సంగతి తెలియలేదు. మరునాడు తీసుకువెళితే, కౌంటరు దాటిన తరువాత మార్చడం కుదరదన్నారు. ముప్పై రూపాయల సబ్బు కోసం నలభై రూపాయల ఆటో అయింది. అందుకని ఇప్పుడు కలిపి ఇచ్చే సరుకులను బుట్టలో ఒకే వైపు పెట్టి, వాటిని కౌంటరు మీద మొదట ఉంచుతున్నాను. అక్కడ తేడా వస్తే మిగతా బిల్లు కొట్టకముందే ఆపించవచ్చు. కార్డు మీద ధర ఒకటి, తెర మీద ధర ఒకటి అయితే కార్డును ఫోనుతో ఫోటో తీసి చూపించాలి. ఎమ్మార్పీకి మించి అడిగితే మాత్రం మొహమాటపడక బిల్లు తీసుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు.

ఇంటికి వచ్చిన తరువాత ప్యాకెట్లు విప్పకముందే బిల్లు తీసి, పుస్తకంలో ఆ నెల గడి నింపండి. అడుగున అచ్చయిన ఆదా అంకెను ఒక మూల రాసి, పక్కనే షావుకారు ధరలతో పోల్చగా నిజంగా మిగిలినది రాయండి. పోయిన నెల నా బిల్లులో మొదటి అంకె 412, రెండోది 96; అందులోంచి ఆటో డబ్బులు తీసేయవలసి ఉంది.