ల్యాప్‌టాప్ స్క్రీన్ రంగు మారిందా? వారంటీకి ఫోన్ చేసే ముందు ఇవి చూడండి

స్క్రీన్ పసుపుగానో గులాబీగానో కనిపించగానే ఫోన్‌తో ఫొటో తీసి "ప్యానెల్ పోయిందా అన్నా?" అని వాట్సాప్‌లో పెట్టేస్తారు. ఆ ఫొటో చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. ఫోన్ కెమెరా తెలుపుని తనకు తోచినట్టు సర్దేస్తుంది. నిమిషం కూడా పట్టని అసలు పరీక్షని మాత్రం అందరూ వదిలేస్తారు. ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఆన్ చేస్తూనే ఎఫ్2 నొక్కి (కొన్నిటికి డిలీట్, హెచ్‌పీ అయితే ఎఫ్10) బయోస్‌లోకి (విండోస్ మొదలవక ముందే వచ్చే సెట్టింగ్స్ తెర) వెళ్లండి. అక్కడికి విండోస్ ఇంకా రాలేదు కాబట్టి నైట్ లైట్ (స్క్రీన్‌ని పసుపు చేసే విండోస్ సెట్టింగ్), డ్రైవర్, కలర్ ప్రొఫైల్ (రంగులు ఎలా చూపాలో చెప్పే ఫైల్) వేటి ప్రభావమూ ఉండదు. బయోస్‌లో కూడా రంగు తేడాగా ఉంటే హార్డ్‌వేర్ సమస్య. మామూలుగా ఉంటే దాదాపుగా సాఫ్ట్‌వేర్. ఆ "దాదాపుగా" ఎందుకన్నానో కింద చెప్తాను.

స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో చూస్తే తెలిసిపోతుందని ఒక చిట్కా తిరుగుతోంది, దాన్ని నమ్మకండి. నైట్ లైట్ పసుపు, కలర్ ప్రొఫైల్ పాడై వచ్చిన పసుపు స్క్రీన్‌షాట్‌లో పడవు. బొమ్మ తయారయ్యాక దాన్ని స్క్రీన్‌కి పంపే దగ్గర ఆ రంగు కలుస్తుంది. స్క్రీన్‌షాట్ తెల్లగా ఉంది కదా అని ప్యానెల్ మీద నింద వేసి సర్వీస్ సెంటర్‌కి వెళ్తే "లోపం ఏమీ లేదు" అని రాసి తిరిగి ఇచ్చేస్తారు.

బయోస్‌లో బాగుంది, విండోస్‌లో పసుపు

సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేకి వెళ్లి నైట్ లైట్ ఆపండి. అది ఆపినా పసుపు పోలేదంటే కంపెనీ వాళ్లు ముందే వేసి ఇచ్చిన యాప్ చూడండి. లెనోవో వాంటేజ్, మై ఆసుస్ లాంటి వాటిలో ఐ కేర్ మోడ్ విడిగా ఉంటుంది. నైట్ లైట్‌కీ దానికీ సంబంధం లేదు, ఒకటి ఆపితే రెండోది ఆగదు. అదీ కాకపోతే స్టార్ట్‌లో కలర్ మేనేజ్‌మెంట్ అని వెతికి, మీ డిస్‌ప్లేకి తగిలించిన ప్రొఫైల్ తీసేయండి. ఫొటోలు తెరిచినప్పుడు మాత్రమే తెలుపు పసుపుగా కనిపిస్తుంటే తొంభై పాళ్లు ఈ ప్రొఫైలే కారణం. స్క్రీన్ మొత్తం నలుపు తెలుపుల్లోకి మారిపోతే విండోస్, కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కండి. కలర్ ఫిల్టర్ పొరపాటున ఆన్ అయి ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో ఇది మామూలే.

రంగు వస్తూ పోతూ ఉంటుంది

అసలు దొంగ ఇక్కడున్నాడు, పైన "దాదాపుగా" అన్నది వీడి వల్లే. గులాబీ, ఆకుపచ్చ, ఊదా ఛాయ కాసేపు ఉండి పోతుంది. ఒక్కోసారి సన్నని గీతలు, చిన్న మినుకు కూడా. బయోస్‌లో చూసినప్పుడు బాగానే ఉంటుంది, మీరేమో డ్రైవర్ తప్పనుకుని విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలు.

ఇది సాధారణంగా డిస్‌ప్లే కేబుల్ పని. మదర్‌బోర్డు నుంచి ప్యానెల్‌కి వెళ్లే ఆ సన్నని కేబుల్ మూత తిరిగే కీలు (హింజ్) పక్కనుంచి పైకి పోతుంది. మూత తీసిన ప్రతిసారీ, వేసిన ప్రతిసారీ అక్కడ వంగుతుంది. లోపలి వైరు నలిగినా, చివర కనెక్టర్ కాస్త వదులైనా సిగ్నల్ సరిగ్గా అందదు. మూతని ఎప్పుడూ ఒక మూల పట్టుకుని లేపే అలవాటుంటే ఇది ఇంకా త్వరగా వస్తుంది.

అందుకే బయోస్‌లో ఊరికే చూసి వచ్చేయకండి. అక్కడే ఉండి మూతని పూర్తిగా వెనక్కి వంచి, మెల్లగా ముందుకి తీసుకురండి. ఏదో ఒక కోణంలో రంగు తిరిగిందంటే దొరికినట్టే. తర్వాత హెచ్‌డీఎమ్ఐతో టీవీకి కలిపి చూడండి. టీవీలో శుభ్రంగా ఉండి ల్యాప్‌టాప్‌లోనే తేడా ఉంటే గ్రాఫిక్స్ చిప్ మీద అనుమానం తగ్గినట్టే, ఇక కేబుల్ లేదా ప్యానెల్. డెల్ వాడేవాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది. డి మీట నొక్కి పట్టుకుని పవర్ బటన్ నొక్కితే స్క్రీన్ తనంతట తాను వరుసగా రంగులు చూపిస్తుంది. అక్కడా మరకలు, గీతలు ఉంటే ప్యానెల్‌నే అనుమానించాలి. అక్కడ శుభ్రంగా ఉండి మామూలు వాడకంలోనే తేడా వస్తుంటే కేబుల్ వైపు చూడాలి.

వారంటీ ఉంటే మీరు విప్పకండి, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి కూడా తీసుకెళ్లకండి. వారంటీ అయిపోయాక అక్కడికి నిక్షేపంగా వెళ్లండి, కానీ ప్యానెల్ మార్చే ముందు కేబుల్ తీసి మళ్లీ పెట్టి చూడమని గట్టిగా అడగండి. కేబుల్ ఖర్చు ప్యానెల్ ఖర్చులో చిన్న వంతు.

మిగతావి

అంచుల్లో, మూలల్లో ఎప్పుడూ ఒకేచోట ఉండే పసుపు మరక ప్యానెల్‌దే, మార్చడం తప్ప దారి లేదు. బ్యాగులో నొక్కుకుపోయి వచ్చిన తెల్లటి చుక్కల్ని భౌతిక నష్టం కింద రాసేస్తారు. స్ప్రే నేరుగా కొట్టి తుడిస్తే కింది అంచు నుంచి తడి దిగుతుంది, దానికీ వారంటీ రాదు. ఓలెడ్ రకం స్క్రీన్‌లో టాస్క్‌బార్ నీడ శాశ్వతంగా మిగిలిపోవడం (బర్న్-ఇన్) వేరే కథ, మీ వారంటీ దానికి వర్తిస్తుందో లేదో చదువుకోండి.

వారంటీ అడిగేటప్పుడు

కొని కొన్ని రోజులే అయితే ముందు అమ్మినవాళ్ల రీప్లేస్‌మెంట్ గడువు చూడండి, సర్వీస్ సెంటర్ సంగతి తర్వాత. వెబ్‌సైట్‌లో వారంటీ మీరు అనుకున్నదానికంటే ముందే అయిపోయినట్టు చూపిస్తే గాభరా పడొద్దు. చాలాసార్లు ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిన తేదీ పడుతుంది. జీఎస్టీ బిల్లు పంపి తేదీ సరిచేయించుకోండి.

వస్తూ పోయే లోపానికి వీడియోనే సాక్ష్యం. అడుగున ఉన్న సీరియల్ నంబర్‌తో మొదలుపెట్టి, ఆపకుండా, బయోస్‌లోకి వెళ్లడం, మూత కదపడం, రంగు మారడం ఒకే షాట్‌లో తీయండి. ఇంజనీర్ చూసే అయిదు నిమిషాల్లో స్క్రీన్ బుద్ధిగా కూర్చుంటుంది, ఆ టెన్షన్ మీకెందుకు? ల్యాప్‌టాప్ ఇచ్చే ముందు నాలుగు మూలలూ, కీళ్లూ ఫొటోలు తీసుకోండి. జాబ్ షీట్‌లో "డిస్‌ప్లే సమస్య" అని రాస్తే ఒప్పుకోకండి, "మూత కోణాన్ని బట్టి రంగు మారుతోంది, బయోస్‌లో కూడా" అని రాయించండి. లేకపోతే డ్రైవర్ అప్‌డేట్ చేసి పంపిస్తారు. "ఫిజికల్ డ్యామేజ్" అన్న మాట ఎక్కడైనా పడిందేమో సంతకానికి ముందే చదవండి. పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు, లోపం బయోస్‌లోనే కనిపిస్తోంది కదా. డేటా బ్యాకప్ తీసుకుని, బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ రాసి పెట్టుకోండి. మదర్‌బోర్డు మారిస్తే అది అడుగుతుంది.

అమెరికా నుంచి అన్నయ్య తెచ్చిన ల్యాప్‌టాప్ అయితే వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందు కనుక్కోండి. కొన్ని కంపెనీలు దేశం మార్పుని ఆన్‌లైన్‌లోనే చేసిస్తాయి, పాడయ్యాక కాకుండా ముందే చేయించుకుంటే మంచిది.

వారంటీలో ఉన్నదాన్ని కాదంటే కారణం మెయిల్‌లో, ఫొటోతో సహా ఇవ్వమనండి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, వస్తువు ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు 2 ఏళ్లు. బిల్లు, జాబ్ షీట్, వీడియో మూడూ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకుని వెళ్లండి.