డాక్టర్ ‘టెన్షన్ వల్లే’ అంటే ఏం చేయాలి

పదకొండేళ్లు మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేశాను. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటల్ని హెడ్‌ఫోన్స్‌లో వింటూ టైప్ చేయడమే పని. రోజుకు ముప్పై, నలభై ఫైళ్లు. కొన్నాళ్లకు పేరు వినకముందే వాక్యాన్ని బట్టి రోగి ఆడో మగో ఊహించడం నాకో ఆటయిపోయింది. మగవాళ్ల ఫైల్లో ‘ఛాతీలో నొప్పి ఉంది’ అని ఉండేది. ఆడవాళ్ల ఫైల్లో ‘ఛాతీలో నొప్పిగా ఉందంటోంది, మనిషి కాస్త కంగారుగా ఉంది’. అన్నిసార్లూ అలా ఉండేదని కాదు. కానీ నా ఊహ తప్పిన రోజులు తక్కువ.

ఆ పనిలో ఉండగానే నా ఫైలూ అలాగే తయారైంది. పంతొమ్మిదో ఏట మొదలైన నెలసరి నొప్పికి ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది దాని బయట పెరిగే జబ్బు) అని పేరు దొరికేసరికి నాకు ఇరవై ఎనిమిది. మధ్యలో నలుగురు డాక్టర్లు మారారు. ఇద్దరు టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఒకరు స్కానింగ్ చూసి ‘ఏమీ లేదు, హాయిగా ఇంటికెళ్లు’ అన్నారు. ఇంకొకరు పిల్లలు పుడితే సర్దుకుంటుందన్నారు. ఆ చివరి మాట అన్నది లేడీ డాక్టరే. కాబట్టి ఆడ డాక్టరైతే చాలు, అర్థం చేసుకుంటుందన్న ధీమా వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పునరుత్పత్తి వయసులో ఉన్న ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి ఈ జబ్బు ఉంటుంది. అరుదైన జబ్బేం కాదు, తొమ్మిదేళ్లు వెతకడానికి.

వెళ్లే ముందు ఒక కాగితం

మొదట్లో నేను చెప్పే తీరు ఇదీ: ‘చాలా నొప్పండీ, ప్రాణం పోతున్నట్టు ఉంటుంది.’ టైప్ చేసే మనిషిగా నాకు తెలుసు, ఆ వాక్యం ఫైల్లోకి ఎక్కదు. ఎక్కినా ‘రోగి కంగారుగా ఉంది’ అయిపోతుంది. ఐదో డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఇలా రాసుకెళ్లాను:

‘గత 4 నెలల్లో 11 రోజులు పనికి వెళ్లలేకపోయాను. నెలసరి మొదటి 2 రోజులు నిటారుగా నిలబడలేను. పెయిన్ కిల్లర్ వేసుకున్నా రాత్రి నొప్పికి మెలకువ వస్తోంది. విరేచనానికి వెళ్లినప్పుడు పొడిచినట్టు నొప్పి, నెలసరి రోజుల్లో మాత్రమే. 2 సార్లు స్పృహ తప్పాను.’ పక్కన తేదీలు.

విరేచనం సంగతి రాయడానికి సిగ్గేసి ముందు కొట్టేశాను. బస్సులో కూర్చుని మళ్లీ రాశాను. డాక్టరు ఆ కాగితం తీసుకుని వేలు పెట్టింది సరిగ్గా ఆ లైను మీదే. ‘ఇది నెలసరి రోజుల్లోనే వస్తుందా, మామూలు రోజుల్లో అస్సలు రాదా?’ అని రెండుసార్లు అడిగింది. తొమ్మిదేళ్లలో నన్ను ఎవరైనా ఒకే ప్రశ్న రెండుసార్లు అడగడం అదే మొదలు.

మీరూ అలాగే రాయండి. నొప్పి ఎంత అని కాదు, నొప్పి వల్ల ఏ పని ఆగింది అని. ఎప్పుడు మొదలైంది, ఎంత తరచుగా వస్తోంది, ఏ మాత్ర వేసుకున్నారు, దానికి తగ్గిందా లేదా. అన్నిటికన్నా ముఖ్యమైనది పై లైన్లో పెట్టండి. లేచి తలుపు దాకా వెళ్లాక ‘ఇంకొకటండీ...’ అని మొదలుపెడితే, అప్పటికే డాక్టరు చూపు తర్వాతి ఫైలు మీద ఉంటుంది. కాగితం ఒక పేజీ దాటనివ్వకండి. పాత రిపోర్టులు తేదీల వరసలో వెనక పెట్టుకోండి. ‘నాకు ఇదివరకు టెన్షన్ అన్నారు’ అని మాత్రం మీరుగా మొదలుపెట్టకండి. లక్షణాలు చెప్పాక, అడిగితే చెప్పండి.

ఏడవాలా వద్దా అని నన్ను చాలామంది అడిగారు. ఏడిస్తే ‘కంగారు మనిషి’, ఏడవకపోతే ‘అంత నొప్పి ఉన్నట్టు లేదే’. రెండూ విన్నాను. దాని గురించి ఆలోచించడం మానేయండి.

ఆ మాట వచ్చినప్పుడు

హిస్టీరియా అనే మాట గర్భసంచికి గ్రీకులో ఉన్న పేరులోంచి పుట్టింది. అమెరికా మనోవైద్యుల జబ్బుల జాబితాలోంచి ఆ పేరును 1980లో తీసేశారు. మాట పోయింది, అలవాటు మిగిలింది. ఇప్పుడు దాని పేరు ‘స్ట్రెస్’.

టెన్షన్ నిజంగానే ఉండొచ్చు. ఏళ్ల తరబడి నొప్పి ఉంటే ఎవరికి ఉండదు? కాబట్టి ‘నాకేం టెన్షన్ లేదు’ అని వాదనకు దిగకండి, నేను దిగి ఓడిపోయాను. ఇప్పుడైతే మెల్లగా ఇలా అంటాను: ‘సరే డాక్టర్ గారూ, టెన్షనే అనుకుందాం. అది కాకపోతే ఇంకేమేం అయ్యుండొచ్చు? అవి కావని ఏ పరీక్షతో తెలుస్తుంది?’ చాలామంది డాక్టర్లు ఈ ప్రశ్నకు చిరాకు పడరు, ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తారు. ఆ క్షణమే మనకు కావలసింది.

పరీక్ష అక్కర్లేదని గట్టిగా అంటే, రెండో మాట: ‘ఈ పరీక్ష అడిగానని, ఎందుకు వద్దనుకున్నారో కేస్ షీట్‌లో రాస్తారా?’ బెదిరింపులా అనకూడదు, ప్రిస్క్రిప్షన్ మీద సంతకం అడిగినట్టు మామూలుగా అనాలి. రాయాల్సి వచ్చేసరికి మనసు మార్చుకున్నవాళ్లను చూశాను. మనసు మార్చుకోకపోయినా కారణం కాగితం మీద ఉంటుంది, తర్వాతి డాక్టరుకు పనికొస్తుంది.

‘రిపోర్టు నార్మల్’ అన్నా అక్కడితో లేచిపోకండి. మామూలు స్కానింగ్‌లో పైపొరల మీదున్న ఎండోమెట్రియోసిస్ కనిపించకపోవచ్చు. ‘ఈ పరీక్షలో ఏం కనపడదు?’ అని అడగాలి. నాకు చివరికి లాప్రోస్కోపీలో, అంటే పొట్టకు చిన్న గాటు పెట్టి కెమెరాతో లోపల చూస్తే తేలింది.

తోడుగా వచ్చేవాళ్లకు ముందే పని అప్పగించండి. మా ఆయన మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరు ప్రశ్నలన్నీ ఆయన్నే అడిగాడు, ఈయన కూడా పరీక్ష రాస్తున్నట్టు జవాబులు చెప్పుకుంటూ పోయాడు. నా నెలసరి గురించి! బయటికొచ్చాక పెద్ద గొడవే అయింది. తర్వాతి నుంచి ఒప్పందం: ప్రశ్న ఆయనకు వస్తే నా వైపు తిరగాలి, డాక్టరు చెప్పింది రాసుకోవాలి, నేను మరిచిపోయిన లైను ఉంటే గుర్తుచేయాలి. తోడున్నవాళ్ల ముందు చెప్పలేని సంగతి ఉంటే ‘రెండు నిమిషాలు విడిగా మాట్లాడాలి’ అని అడగడంలో తప్పు లేదు.

ఎమర్జెన్సీలో మొదటి వాక్యం

మా అక్క ఎమర్జెన్సీ కౌంటర్ దగ్గర ‘గ్యాస్ అనుకుంటానండీ’ అంది. అంతే, ఎసిడిటీకి ఇంజెక్షన్ ఇచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారు. చెమటలు చూసి నర్సు ఒకామె పట్టుబట్టి ఈసీజీ తీయించింది. గుండెపోటు. అక్క బతికింది, ఇప్పటికీ ఆ నర్సును తలుచుకుంటుంది.

జబ్బు పేరు మీరు చెప్పకండి, లక్షణం చెప్పండి: ‘ఛాతీ మీద బరువు పెట్టినట్టుంది, గంట నుంచి, చెమటలు పడుతున్నాయి, ఇది గుండెదేమో చూడండి.’ గుండెపోటులో ఛాతీ నొప్పి ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఎక్కువగా కనిపించే లక్షణమే. కానీ ఆడవాళ్లలో దాంతోపాటు ఆయాసం, వాంతి వచ్చినట్టుండటం, దవడలోనో వీపులోనో నొప్పి, విపరీతమైన నీరసం ఎక్కువగా ఉంటాయి. అవి ముందు చెబితే ఛాతీ సంగతి మరుగున పడుతుంది. అనుమానం ఉన్నప్పుడు వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది వైద్యుల నియమమే, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. గుండె కండరం దెబ్బతిందా అని చూసే ట్రోపోనిన్ రక్తపరీక్ష తొందరగా చేస్తే మొదటిసారి నార్మల్ రావచ్చు, ‘మళ్లీ ఎప్పుడు చేస్తారు?’ అని అడగండి.

ఎమర్జెన్సీలో ఆలస్యం మా అక్కకే జరిగింది కాదు. కడుపు నొప్పితో వచ్చినవాళ్ల మీద అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2008లో అచ్చయింది. నొప్పి స్థాయి దాదాపు ఒకటే అయినా మందు అందడానికి మగవాళ్లకు 49 నిమిషాలు, ఆడవాళ్లకు 65 నిమిషాలు పట్టింది.

పరీక్ష బల్ల మీద, కాన్పు గదిలో

లోపల పరీక్ష చేసేముందు ఏం చేస్తున్నారో, ఎందుకో చెప్పాలి, మీరు ఊఁ అనాలి. గదిలో ఒక ఆడమనిషి ఉండాలని అడగొచ్చు. ‘ఆపండి’ అంటే ఆపాలి. విద్యార్థులు చూస్తామంటే వద్దనొచ్చు. ఈ మాటలు బల్ల ఎక్కకముందే చెప్పండి, ఎక్కాక నోరు పెగలదు.

కాన్పు సంగతి వేరు, అక్కడ బేరాలాడే ఓపిక ఉండదు. కాబట్టి తోడుండే మనిషిని నెలల ముందే ఖాయం చేసుకుని ఆస్పత్రితో మాట్లాడాలి. కాన్పు సమయంలో ఆడవాళ్లను తిట్టడం, కొట్టడం, అవమానించడం హక్కుల ఉల్లంఘన అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే ప్రకటించింది. కోరుకున్న మనిషి పక్కన ఉండాలనీ, ప్రతి ఒక్కరికీ అలవాటుగా కింద కోత పెట్టొద్దనీ ఆ సంస్థ 2018 మార్గదర్శకాల్లో ఉంది. కోత అవసరమైతే చెప్పి పెట్టమనండి. కుట్లు వేసేముందు మత్తు ఇస్తారా అని తోడున్న మనిషి అడగాలి.

మందుల గురించి ఒక్క మాట. నిద్రకు వాడే జోల్పిడెమ్ ఆడవాళ్ల ఒంట్లోంచి నెమ్మదిగా పోతుందని, వాళ్లకు మొదలుపెట్టే డోసును 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో చెప్పింది. అప్పటికి ఆ మందు అమ్మకానికి వచ్చి ఇరవై ఏళ్లు. కొత్త మందు తిన్నాక తేడాగా ఉంటే భరించకుండా డాక్టరుకు చెప్పండి, డోసు మాత్రం మీరే మార్చుకోకండి.

కాగితాలు, ఫిర్యాదు

వచ్చేటప్పుడు రిపోర్టులు, డిశ్చార్జ్ సమ్మరీ కాపీలు తీసుకోండి. ఇంటికెళ్లి చదవండి. తప్పుంటే సరిచేయమని రాసివ్వండి. ఫిర్యాదు చేయాలనుకుంటే అదే రోజు రాయండి: తేదీ, టైము, ఎవరు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే. మీ కోపం రెండో పేజీలో రాసుకుని ఇంట్లో పెట్టుకోండి. కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.

నా ఫిర్యాదుకు ఆరు వారాలకు రెండు లైన్ల జవాబొచ్చింది, ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని. ‘రోగికి ఆందోళన ఎక్కువ’ అన్న పాత వాక్యాన్ని తీసేయలేదు. దాని కింద లాప్రోస్కోపీలో ఏం కనపడిందో తేదీతో సహా చేర్చారు. ఎవరు టైప్ చేశారో గానీ, ఒక్క అక్షరం తప్పు లేదు.