ముడుపు కట్టే ముందు కోరికను తేల్చుకోవడం ఎలా

తిరుపతిలో ముడుపు కట్టడం తెలియని ఇల్లు ఉండదు. మూరెడు తెల్లగుడ్డ, రెండు చెంచాల పసుపు, 11 రూపాయలు చాలు. కష్టమంతా కోరిక దగ్గరే. ఏం కావాలో తేలకుండా కట్టిన ముడుపు దేవుడి గూట్లో ఏళ్లతరబడి ఉండిపోతుంది, విప్పాలో వద్దో ఇంట్లో ఎవరూ చెప్పలేరు.

అందుకే గుడ్డ కొనడానికి వారం ముందే కోరికను ఒక్క వాక్యంలో రాసుకోండి. ‘డబ్బు రావాలి’ అని రాస్తే, తీరిందనుకునే రోజంటూ రాదు. ‘వచ్చే ఉగాదిలోపు నగలు కుదువపెట్టి తెచ్చిన రూ.1,20,000 అప్పు తీరాలి’ అని రాయండి. తీరిందో లేదో ఇంకొకరు చూసి చెప్పగలిగేలా ఉండాలి.

ఆ కాగితాన్ని ఏడు రోజులూ చదివి, కోరిక ఎంత గట్టిగా ఉందో పక్కన పదికి ఇంత అని వేయండి. గృహప్రవేశానికో పెళ్లికో వెళ్లొచ్చిన రోజునే 9 పడి, మిగతా రోజుల్లో 3 దాటకపోతే అది చూసి పుట్టిన కోరిక. దాన్ని వదిలేయండి.

కావాలనిపించడం వేరు, దొరికాక బాగుండటం వేరు. మెదడులో ఈ రెండూ వేర్వేరుగా నడుస్తాయని మిషిగన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త కెంట్ బెరిడ్జ్ ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. డోపమైన్ అనే మెదడు రసాయనం దాదాపు లేకుండా చేసిన ఎలుకలు తిండి వైపు కదలవు, అయినా తీపి నోట్లో వేస్తే ఇష్టంగానే చప్పరిస్తాయి. మనకు తరచూ ఎదురయ్యేది దీనికి తలకిందులు: ఆరాటం కొండంత, అనుభవం గోరంత. కాబట్టి కోరింది దొరికి ఆరు నెలలైందనుకుని, పండగా పబ్బమూ లేని ఒక మంగళవారం పొద్దున్నుంచి రాత్రి దాకా ఎలా గడుస్తుందో రాసి చూడండి. అందులో ఆ వస్తువు ఊసే రాకపోతే ఇంకో వారం ఆగడం మంచిది.

‘కోడలు మారాలి’ లాంటివి నిలవవు. అవతలి మనసు మన చేతిలో లేదు. ‘ఈ నెలంతా ఆమెతో గొంతు పెంచకుండా మాట్లాడగలగాలి’ అని మార్చుకోండి.

ఇక మొక్కు. ఆపద వేళ నోటికొచ్చినంత మొక్కేస్తాం, చిక్కు అక్కడే. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. మోకాళ్లు అరిగిన అమ్మ పేరున ఆ మెట్లు మొక్కకండి, ఎక్కేది మీరైతేనే మొక్కండి. నిలువుదోపిడి అయితే ఒంటి మీదున్న నగలన్నీ హుండీలో వేయాలి కాబట్టి ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోండి. ఆడవాళ్లు తలనీలాలకు బదులు మూడు కత్తెర్లు ఇచ్చే ఆనవాయితీ ఉంది.

గుడ్డను పసుపునీళ్లలో ముంచి నీడలో పూర్తిగా ఆరనివ్వండి. తడి మిగిలితే లోపలి నోటుకు బూజు పడుతుంది. నాలుగు మూలలా కుంకుమ పెట్టి, డబ్బుతోపాటు కోరిక, మొక్కు, తేదీ రాసిన చీటీ వేసి, శనివారం మూడు ముడులు వేయండి. కోరిక తీరాక కొండకు తీసుకెళ్లి హుండీలో వేయాలి. వడ్డీకాసులవాడు కనుక కాస్త వడ్డీ కలిపి ఇస్తారు.

తాగుడు లాంటిది వదలాలన్న కోరికకు చిత్తూరు వైపు వాళ్లు కాణిపాకం వెళ్లి వినాయకుడి ఎదుట ప్రమాణం చేస్తారు. కానీ ఏళ్లుగా రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, కాణిపాకం ఆ తర్వాత వెళ్లొచ్చు.