కార్క్ పిడిని శుభ్రం చేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

కృష్ణా కాలువ గట్లపై గాలం వేసేవారి రాడ్ల కార్క్ పిడికి చెమట, ఎర మడ్డి, చేప జిగురు పట్టి కొన్నాళ్లకే నల్లబడుతుంది. ఈ కార్క్ ఒక ఓక్ జాతి చెట్టు బెరడు అనీ, దానిని బిళ్లలుగా కోసి జిగురుతో అంటించి పిడిగా మలిచారనీ గుర్తుంచుకుంటే ఏది చేయకూడదో సులభంగా తెలుస్తుంది.

ముందుగా గాలం దారం చుట్టే రీలును విప్పండి. పిడికి రెండు వైపులా రాడ్ మీద మాస్కింగ్ టేపు చుట్టాలి. చివర్లో పిడిని రుద్దవలసి వచ్చినప్పుడు శాండ్‌పేపర్ జారి కార్బన్ రాడ్‌పై లోతుగా గీత పడితే, పెద్ద చేప లాగినప్పుడు రాడ్ అక్కడే విరగవచ్చు.

వేలితో పిడి అంతా తడిమి చూడండి. ఏదైనా బిళ్ల కదులుతుంటే ముందు దానిని అంటించి, జిగురు పూర్తిగా ఆరాకే నీరు తాకనివ్వాలి.

గోరువెచ్చని నీటిలో కాస్త గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి స్పాంజి చాలు. బ్లీచింగ్, అసిటోన్, థిన్నర్, స్టీలు పీచు దగ్గరకు రానివ్వకండి, పిడిని నానబెట్టకండి.

బెజవాడ ఎండలో మేడ మీద ఆరబెడితే కార్క్ ఎండిపోయి పగుళ్లిస్తుంది కాబట్టి, నీడలో ఫ్యాను గాలికి ఉంచాలి.

శాండ్‌పేపర్‌తో రుద్దడం చివరి మార్గమే, ఎందుకంటే అరిగిన కార్క్ తిరిగి రాదు. తప్పనిసరైతే మాస్కు పెట్టుకుని, బాగా ఆరిన పిడిని 400 నంబరు శాండ్‌పేపర్‌తో తేలికగా రుద్దండి. రాలిన పొడిని పారేయవద్దు. నీటికి తట్టుకునే చెక్క జిగురులో దానిని కలిపితే గుంటలు పూడ్చే ముద్ద సిద్ధమవుతుంది.